నీళ్ల కింది గుడి, ఆఫీసు కింది గుడి

గుడికి పోదామని చెప్పి సుధ మమ్మల్ని తీసుకెళ్లింది ఒక ఆఫీసుకి. లండన్‌లో వాల్‌బ్రూక్ వీధి అది. బ్యాంకులు, బీమా కంపెనీలు తప్ప ఒక్క కాపురం ఇల్లు కనబడని పేట. బ్లూంబర్గ్ వార్తాసంస్థ భవనానికి పక్కగా ఉన్న తలుపు దగ్గర మా ఆయన ఆగి, “చెప్పులు ఎక్కడ విడవాల?” అని అడిగారు. అక్కడున్న కుర్రాడికి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది. సుధ నవ్వు ఆపుకుంటూ ఫోన్‌లో ముందే రాయించిన మా పేర్లు చూపించింది. టికెట్టు లేదు, ఎవరూ డబ్బులడగలేదు.

సుధ మా ఆయన అక్క కూతురు. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉద్యోగం. మా ఆయన కాలువ పనుల్లో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యారు. ఆయనా, సుధ వాళ్లమ్మా పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. ఇప్పుడది శ్రీశైలం జలాశయంలో ఉంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే, ఎవరో రోమన్లు కట్టుకున్న గుడి గురించి మామా కోడలూ అంతసేపు ఎందుకు పోట్లాడుకున్నారో మీకు అర్థం కాదు.

మెట్లు దిగాం. రోడ్డుకి 7 మీటర్ల లోతున, రోమన్ల నాటి ఊరి నేల ఉన్న మట్టంలో, ఒక చీకటి గది. పొగమంచులాంటిది కమ్మింది. అందులోకి పైనుంచి వెలుతురు పలకలు పలకలుగా దిగింది. లేని గోడలు, లేని స్తంభాలు కళ్లముందు లేచాయి. మగగొంతులు లాటిన్‌లో జపం చేస్తున్నట్టు ఏదో రికార్డు. పొగ విడిపోయాక అసలు కట్టడం కనిపించింది: 18 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, పొట్టి గోడలు, పడమటి కొసన గుండ్రంగా తిరిగిన గర్భగుడిలాంటి భాగం, మూలన ఒక బావి. మిత్రాస్ అనే దేవుడికి క్రీ.శ. 240 ప్రాంతంలో కట్టారు.

నాకు ఒళ్లు జలదరించింది. మా ఆయనకి కోపం వచ్చింది. పైకి వచ్చి బల్ల మీద కూర్చున్నారో లేదో మొదలుపెట్టారు.

ఆయన: ఏం పాపా, ఇది గుడా, డ్రామా కంపెనీనా? పొగ పెట్టి, లైటు వేసి, లేని స్తంభాలు చూపిస్తారా?

సుధ: లేని స్తంభాలు సిమెంటుతో పోసి నిలబెట్టి ఉంటే అప్పుడు తిట్టు మామా. వరసకి 7 చొప్పున రెండు వరసలుండేవని కింద ఆనవాళ్లను బట్టి తెలుసు. ఎంత ఎత్తో, పైన ఎట్లా ఉండేవో తెలియదు. అందుకే వెలుతురుతో చూపించి, లైటు తీసేశారు. తెలియనిది తెలియదని ఒప్పుకోవడం కదా అది.

ఆయన: గోడలైనా అసలువేనా?

సుధ: రాళ్లు, ఇటుకలు రోమన్ల కాలానివే. కాకపోతే రెండుసార్లు విప్పి రెండుసార్లు పేర్చారు.

ఆయన: అట్లా చెప్పు! రెండుసార్లు విప్పిన గోడకి వయసెక్కడిది?

ఇక్కడ సుధ కథంతా చెప్పింది. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడి ఈ చోటంతా శిథిలమైంది. కొత్త ఆఫీసు భవనం కట్టబోయే ముందు డబ్ల్యు.ఎఫ్. గ్రైమ్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త, ఆడ్రీ విలియమ్స్ అనే ఆవిడా ఇక్కడ తవ్వారు. తవ్వకం ముగించాల్సిన రోజు, 1954 సెప్టెంబరు 18న, మట్టిలోంచి పాలరాతి తల ఒకటి బయటపడింది. ముందుకు వంగిన టోపీ, గిరజాల జుట్టు, పైకెత్తిన కళ్లు. మిత్రాస్ తల. మర్నాడు పేపర్లో బొమ్మ పడింది. జనం విరుచుకుపడ్డారు. రెండు వారాల్లో 4 లక్షల మంది వరస కట్టి చూశారని అంచనా. బాంబు గుంతల ఊరు, యుద్ధం తెచ్చిన రేషన్లు ఎత్తేసి మూడు నెలలైనా కాలేదు, ఆ జనం సాయంత్రం ఆఫీసు వదిలాక గుంత గట్టు మీద నిలబడి విరిగిన గోడలు చూశారు. చర్చిల్ మంత్రివర్గంలో కూడా దీని మీద చర్చ జరిగింది. గుడిని ఉన్నచోటే ఉంచాలంటే భవనం ఆగాలి, లేదా మారాలి, ఖర్చు ఎవరిదన్న దగ్గర తెగలేదు. చివరికి రాళ్లు విప్పి పక్కన పెట్టారు. 1962లో, దాదాపు 100 మీటర్ల అవతల, రోడ్డు మట్టంలో, కారు పార్కింగు పైకప్పు మీద తిరిగి పేర్చారు.

ఆయన: పార్కింగు మీద!

సుధ: సిమెంటు పెట్టి, మధ్యలో వంకరటింకర బండలు పరిచి. గుహలాగా చీకట్లో, నేలకన్నా దిగువన ఉండాల్సిన గుడిని ఎండకీ వానకీ బయట పెట్టారు. తవ్వి తీసిన గ్రైమ్స్‌కే అది నచ్చలేదు.

ఆయన: పాత రాయికి సిమెంటు పూస్తే ఏమవుతుందో నన్నడుగు. సిమెంటు గట్టిది, చెమ్మను పోనివ్వదు. చెమ్మ రాతిలోకి పోతుంది, రాయి పొరలు పొరలుగా రాలుతుంది. గానుగ సున్నమైతే తాను అరిగి రాయిని కాపాడుతుంది.

సుధ: ఈసారి సున్నమే వాడారు మామా. 2010లో ఈ స్థలం బ్లూంబర్గ్ వాళ్లు కొన్నాక ఆ 1962 కట్టడాన్ని విప్పారు. సిమెంటు వదిలించి, 1954 నాటి ఫొటోలు, గీసిన పటాలు ముందు పెట్టుకుని, రాయి పక్కన రాయి చూసుకుంటూ కట్టారు. 2017 నవంబరులో తెరిచారు.

ఆయన: పని బాగా చేశారు. కింద గోడ చూడగానే అది తెలిసింది. పని బాగుంటే గుడి అయిపోదు. గుడికి రాయి ముఖ్యం కాదు, తావు ముఖ్యం.

సుధ: తావుకే తెచ్చారు కదా!

ఆయన: సరిగ్గా అదే తావా?

సుధ ఒక్క క్షణం తటపటాయించింది. అబద్ధమాడే పిల్ల కాదు.

సుధ: కొన్ని మీటర్లు పడమరకి. ఎందుకంటే అసలు గోడల్లో కొంత భాగం 1954లో తియ్యకుండా నేలలోనే మిగిలిపోయింది. దానికి దెబ్బ తగలకూడదని పక్కకి జరిపి కట్టారు.

ఆయన: చూశావా! అసలు గుడి అక్కడ మట్టిలో ఉంది. మనం దండం పెట్టింది ఇక్కడ పొగకి.

ఈయన దండం పెట్టిన మాట నిజమే. దేవుడెవరో తెలియకుండానే పెట్టారు. నేను చూశాను.

సుధ: సరే, అయితే నీ లెక్కలో కూడవెల్లి సంగమేశ్వరుడు కూడా ఉత్తుత్తి దేవుడేనా?

ఆమె పెట్టిన మెలిక ఇది. తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసే చోట, కూడవెల్లిలో, బాదామి చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం నీళ్లు వస్తాయని దాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, ఆలంపూర్‌లో తిరిగి కట్టారు. పాపనాశి గుళ్లనూ అట్లాగే జరిపారు. మా ఆయనకి అప్పుడు పాతికేళ్లు. ఆ అంకెలు వేసిన రాళ్లు చూడటానికి సైకిలు మీద పోయేవారట.

ఆయన: ఉత్తుత్తి అనలేదు. ఆ గుడికి పోతాను, కొబ్బరికాయ కొడతాను. కానీ పాపా, సంగమేశ్వరుడంటే ఏమిటి? రెండు నదులు కలిసే చోట ఉండే స్వామి. ఆలంపూర్లో ఏ నదితో ఏ నది కలుస్తుంది? తుంగభద్ర ఒక్కటే పోతుంది. సంగమం లేని సంగమేశ్వరుడు! పేరు మోసుకొచ్చారు, నదిని మోసుకురాలేకపోయారు.

సుధ: ఇక్కడా అంతే. ఈ గుడి వాల్‌బ్రూక్ అనే ఏటి గట్టున కట్టారు. ఇప్పుడు ఏరు లేదు. ఊరు పెరిగి పెరిగి దాన్ని కప్పేసింది, వీధికి పేరు మాత్రం మిగిలింది. ఏరు లేదు కాబట్టి ఆ గుడి మట్టిలోనే ఉండిపోవాలా?

ఆయన: ఉంటే తప్పేముంది? సప్తనది సంగమేశ్వరం ఉంది చూడు, ముచ్చుమర్రి దగ్గర. దాన్ని ఎవరూ జరపలేదు. ఏటా నెలల తరబడి నీళ్లలోనే ఉంటుంది. వేసవిలో నీళ్లు దిగితే మొదట శిఖరం, తర్వాత మండపం, తర్వాత స్వామి. ఏడు నదులు కలిసే తావు. జనం బురదలో నడిచి పోయి పూజ చేసుకుంటారు. వాన మొదలైతే మళ్లీ స్వామిని నీళ్లకి అప్పజెప్పి వస్తారు. అది గుడి. మునిగినా గుడే. ఎందుకు? కదల్లేదు కాబట్టి.

సుధ: మునిగిన ప్రతిసారీ ఎంత అరుగుతుందో చూశావా?

ఆయన: అరగనీ. అక్కడి లింగం కొయ్యది, వేపమానుది అంటారు. ఇన్నేళ్లుగా నీళ్లలో ఉంది, ఏమైంది? ఇందాక ఆ గోడకి పెట్టిన చెక్క పలకలు చూపించావు కదా, ఎన్నేళ్లవన్నావు?

సుధ: 1900 ఏళ్లు.

నిజానికి ఆ రోజు నన్ను గుడికన్నా ఎక్కువ కట్టిపడేసింది ఆ పలకలే. పైగదిలో ఒక గోడ నిండా 600 దాకా వస్తువులు అమర్చారు. ఈ స్థలంలో మళ్లీ తవ్వినప్పుడు దొరికిన 14 వేల వస్తువుల్లోంచి ఏరినవట. తోలు చెప్పులు, కుండలు, నాణేలు, ఇంకా చిన్న చిన్న చెక్క పలకలు. మన ఓనమాల పలక లాంటివే, అయితే మైనం పూసి ఇనప గంటంతో రాసేవారు. మైనం పోయింది. గంటం ఒత్తిడికి చెక్క మీద పడ్డ గీత మిగిలింది. అందులో ఒకటి ప్రోనోటు! క్రీ.శ. 57 జనవరి 8న టిబుల్లస్ అనేవాడు గ్రాటస్ అనేవాడికి, తీసుకున్న సరుకుకి 105 డినారీలు బాకీ ఉన్నానని రాసిచ్చాడు. ఇద్దరూ బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లే. ఈ పేటలో తేదీ తెలిసిన లెక్కల కాగితాల్లో ఇంతకన్నా పాతది లేదు. ఆ బాకీ తీరిందో లేదో ఏ పలకా చెప్పదు. తీరి ఉంటే ఆ పలకను కడిగి మళ్లీ వాడుకునేవాళ్లేమో అని మా ఆయన అనుమానం.

సుధ: ఆ చెక్క మిగిలింది నీళ్ల వల్లే, ఒప్పుకుంటాను. ఏటి బురద ఎప్పుడూ తడిగా ఉంటుంది, గాలి సోకదు, కొయ్యను తినే పురుగులు, క్రిములు బతకవు. కానీ అది ఎప్పుడూ తడి! సంగమేశ్వరంలో ఏటా మునుగుతుంది, ఏటా ఆరుతుంది. తడిసి ఆరి, తడిసి ఆరి ఏ కొయ్య నిలుస్తుంది, ఏ సున్నం నిలుస్తుంది? కాలువ గట్ల మీద బతికినవాడివి, నీకు నేను చెప్పాలా?

ఆయన మాట్లాడలేదు. గట్టు ఎక్కడ తెగుతుందంటే నీటిమట్టం పైకీ కిందికీ ఆడే చోటేనని నాకే వందసార్లు చెప్పిన మనిషి.

సుధ: ఇంకో మాట మామా. 1954లోనే, ఇక్కడ తల దొరికిన ఏడే, నాగార్జునకొండలో తవ్వకాలు మొదలయ్యాయి. సాగర్ వస్తుందని. ఆరేళ్లు తవ్వారు. లోయంతా మునిగింది. కొన్ని కట్టడాలు కొండ మీదికి, కొన్ని అనుపుకి జరిపారు. జరపకపోయి ఉంటే నేను ఇక్ష్వాకుల కాలం నాటి ఇటుక ఒక్కటి చూసేదాన్నా? మీ తరం తావు చూసింది. మాకు రాయే దక్కింది. ఆ రాయి కూడా వద్దంటావేం?

ఆయన: వద్దనలేదు పాపా. రాయిని రాయి అను. గుడి అనకు.

సుధ: సరే, దేవుడున్నది గుడి అందాం. ఈ దేవుడు ఇక్కడినుంచి ఎప్పుడు పోయాడు? 1954లో కాదు. నాలుగో శతాబ్దంలోనే స్తంభాలు తీసేశారు. తడి పైకొస్తుంటే నేల ఎత్తు పెంచుకుంటూ పోయారు. మిత్రాస్ తలనీ, మినర్వా తలనీ, సెరాపిస్ తలనీ గుడిలోనే నేలలో పూడ్చిపెట్టారు. వేరే దేవుళ్ల కొలువు మొదలైంది. కొలిచేవాళ్లే వదులుకున్న గుడికి తావు తప్పిందని నువ్వెందుకు ఏడుస్తావు?

ఆయన: పూడ్చినవాడికి ప్రేమ లేదని ఎట్లా చెప్తావు? మా అమ్మ ఊరు వదిలే ముందు ఏం చేసిందో తెలుసా? ఇంటి దేవుడి గూట్లో ఉన్న ఇత్తడి ప్రమిదని గడప కింద పూడ్చింది. తీసుకుపోదామే అంటే, ఇది ఈ ఇంటిది, నాది కాదు అంది.

సుధకి ఈ సంగతి తెలియదు. వాళ్లమ్మ చెప్పలేదట. కాసేపు ఇద్దరూ ఆ పలకల గోడ వైపు చూస్తూ కూర్చున్నారు.

మధ్యలో నా గొడవ ఒకటి చెప్పాలి. ఈ మిత్రాస్ కొలువు మగవాళ్లది. సిపాయిలు, వర్తకులు, ఉద్యోగులు. కాకి మెట్టు, పెళ్లికొడుకు మెట్టు, సిపాయి మెట్టు, సింహం మెట్టు అంటూ ఏడు మెట్లు. ఏడోది తండ్రి. ఆడమనిషికి మొదటి మెట్టు కూడా లేదు. ఇందాక విన్న లాటిన్ జపం కూడా, రోమ్‌లోని ఇలాంటి మరో గుడి గోడల మీది రాతల ఆధారంతో కూర్చిన మెట్ల పేర్లేనట. 1780 ఏళ్ల తర్వాత ఒక ఆడపిల్ల ఫోన్‌లో పేర్లు రాయించి, తన మామనీ అత్తనీ అందులోకి తీసుకెళ్లింది. ఆ గుడి తవ్వినవాళ్లలోనూ ఒక ఆడమనిషి ఉంది. గుడి కదిలితే కొన్ని తలుపులు కూడా తెరుచుకుంటాయని సుధ పక్షాన నేనో మాట అందామనుకున్నాను గానీ, అప్పటికే మా ఆయన మిత్రాస్ చంపే ఎద్దు సంగతికి వెళ్లిపోయారు.

ఆయన: అసలు ఎద్దును చంపే దేవుడేమిటి? ఏరువాక పున్నమికి ఎద్దుకి పసుపూ కుంకుమా పెట్టేవాళ్లం మనం.

సుధ: ప్రతి మిత్రాస్ గుడిలోనూ ఆ బొమ్మే మామా. ఎద్దును లొంగదీసి కత్తి దించుతుంటాడు, మొహం మాత్రం పక్కకి తిప్పుకుంటాడు. కుక్క, పాము, తేలు చుట్టూ ఉంటాయి. అర్థం ఏమిటని పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. నువ్వు రోజూ పొద్దున సూర్యనమస్కారాలు చేస్తావు కదా, పన్నెండు పేర్లలో మొదటిది ఏమిటి?

ఆయన: మిత్ర.

సుధ: ఆ పేరే. వేదంలో మిత్రుడు, ఇరాన్‌లో మిత్ర, రోమన్ల దగ్గర మిత్రాస్. పేరు ఒక్కటే, దేవుడు మాత్రం వాళ్ల దగ్గరికి వచ్చేసరికి చాలా మారిపోయాడు. ఎవరూ కదిలించకుండానే పేరు అన్ని వేల మైళ్లు నడిచింది. నువ్వు ఇంట్లో తూర్పు కిటికీ దగ్గర నిలబడి పిలుస్తావు, నీకు తావు అక్కర్లేదు. రాళ్లు వంద మీటర్లు జరిగితే మాత్రం పనికిరావంటావు.

ఇది దెబ్బే. ఆయన మీసం సవరించుకున్నారు. అంటే తగిలిందని.

ఆయన: సూర్యుడు అన్నిచోట్లా ఉన్నాడు పాపా. ఊరు అన్నిచోట్లా లేదు.

సుధ: అయితే విను. 1954లో ఆ ఆఫీసు భవనం ఆగితే కొంప మునుగుతుందన్నారు. ఆ భవనం నిలిచింది యాభై ఏళ్ల చిల్లర. దాన్నీ కూల్చేశారు. కూలాక గుడి ఇంటికి వచ్చింది. జరిపి భద్రంగా ఉంచారు కాబట్టే రావడానికి ఏదో ఒకటి మిగిలింది. మన ఆనకట్ట కూడా శాశ్వతం కాదు కదా. ఎప్పటికో ఒకప్పటికి పూడిక నిండుతుంది, నీళ్లు దిగుతాయి. అప్పుడు ఆలంపూర్ రాళ్లు కూడవెల్లికి పోతాయేమో, అంకెలు ఇంకా ఉంటే.

ఆయన: ఆ మాట అనకు.

గొంతు మారింది. నేను కూడా తలెత్తి చూశాను.

ఆయన: ఆనకట్ట పోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు. ఆ నీళ్లు ఏ కాలువలో పడి ఏ ఊరికి పోయాయో నాకు తెలుసు. ముప్పై ఏళ్లు ఆ గట్ల మీదే తిరిగాను. నీళ్లు అందిన మొదటి ఏడు వరి కోసినవాళ్లు నన్ను ఇంటికి పిలిచి అన్నం పెట్టారు. మా ఊరు మునిగిన నీళ్లు పాపా అవి. తిన్నాను. నా మాట ఒకటే. ఇచ్చింది ఇచ్చాం, పోయింది పోయింది. పోలేదు, ఇదిగో పక్కన పెట్టాం అని నాకు చూపించొద్దు.

సుధ ఇంక వాదించలేదు. ఒప్పుకుందని కాదు. బయటికి వచ్చాక రోడ్డు మీద, ఎక్కడ ఏరు పారి ఉంటుందో మామకి చేత్తో గీసి చూపించింది. ఆయన వాలు చూసి, “లేదు, ఇటు పోయుంటుంది” అని దిద్దారు. వాలు విషయంలో ఆయన తప్పు చెప్పరు.

నన్నడిగితే మా ఆయన ఓడిపోయారు. పొగా లైట్లూ నాకూ అంతగా అక్కర్లేదు గానీ, 4 లక్షల మంది నిలబడి చూసిన గోడల్ని వాళ్ల మనవలు దిగి చూడగలుగుతున్నారు. తావు తావని మట్టికి వదిలేస్తే అది దక్కేది కాదు. అయినా ఆ స్థలంలో జరిగిన పనులన్నిటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఎవరూ చూపించనిది: మిగిలిన ఆ కాస్త అసలు గోడను ముట్టుకోకుండా, దాని మీద కట్టకుండా, పక్కకి తప్పుకోవడం. ఆ పని చేసినవాళ్లు మా అత్తగారి ప్రమిద సంగతి విని ఉంటే అర్థం చేసుకునేవాళ్లు.

వచ్చే వేసవికి సుధ ఇండియా టికెట్టు తీసుకుంది. మామతో సంగమేశ్వరం పోవాలట. మీలో ఎవరైనా పోదలిస్తే నంద్యాల జిల్లా వైపు బయల్దేరే ముందు పేపర్లో శ్రీశైలం జలాశయం మట్టం చూసుకోండి. నిండితే 885 అడుగులు. నీళ్లు దానికి బాగా దిగువకి పోయేదాకా శిఖరం కూడా కనబడదు.